పొదల పక్కన నీళ్ళ సీసా

పార్కులో గొయ్యి తవ్వాలంటే నేను గొంతుక్కూర్చుంటాను. అరికాళ్ళు రెండూ నేలకి ఆనించి, మోకాళ్ళు చంకల దాకా తెచ్చుకుని, ముందుకి వంగి. పెరట్లో అంట్లు తోమేటప్పుడు మా అమ్మ అలాగే కూర్చునేది. చేపలు కోసేటప్పుడు మా పిన్ని అలాగే కూర్చునేది. ఇక్కడ మెటల్ డిటెక్టర్ మిషన్ పట్టుకుని పాత నాణేలు వెతికేవాళ్ళు మోకాళ్ళ మీద వంగి తవ్వుతారు, కింద ఒక స్పాంజి ముక్క వేసుకుంటారు. అలా కూర్చుంటే నాకు చేతికి బలం రాదు, గోతిలోకి చూపు ఆనదు. ఎవరు ఎలా కూర్చుంటే ఎవరికి నష్టం అని చాలా ఏళ్ళు అనుకున్నాను. నష్టం ఉందట. కెనడాలో హామిల్టన్ నుంచి కేంబ్రిడ్జి దాకా ఉన్న తెలుగువాళ్ళందరికీ నేను కూర్చున్న తీరు వల్ల తలవంపులు వచ్చాయట.

రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

నేను ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆవిరి పట్టించి, ట్రేలలో సర్దే విభాగంలో పనిచేస్తాను. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాను. మా వారిది ఐటీ ఉద్యోగం, ఇంట్లోంచే పని. అది అయ్యాక ఆయనకి తెలుగు అసోసియేషన్ ఉంది. అందులో ఆయన సెక్రటరీ. హాలు బుక్ చేయడం, మైకు సరిగ్గా పనిచేయలేదని వారం రోజులు ఫోన్లలో బాధపడటం ఆయన వ్యాపకం. మా అమ్మాయి ఉద్యోగానికి కాల్గరీ వెళ్ళిపోయాక నా సాయంత్రాలు నాకే మిగిలాయి. ఆ రోజుల్లోనే పార్కులో ఒక ముసలాయన మిషన్‌తో తిరగడం చూశాను. పొడుగాటి కర్ర, చివర పళ్ళెంలాంటి చుట్ట, చెవులకి హెడ్‌ఫోన్లు. ఏం చేస్తున్నారని అడిగితే, ఆ హెడ్‌ఫోన్లు తీసి నాకు ఇచ్చాడు. మట్టి కింద ఎక్కడో నాణెం ఉందని మిషన్ కూత పెడుతోంది. అది విన్న నెల తిరక్కుండానే నేనూ ఒక పాత మిషన్ కొనుక్కున్నాను.

హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. ఏ నేల తవ్వినా ఇనుమే. మేకులు, బోల్టులు, చిట్టెం ముక్కలు. ఇనుము తగిలితే మిషన్ గుర్రుమంటుంది, రాగీ వెండీ తగిలితే సన్నగా కూస్తుంది. ఈ రెండింటికీ మధ్యన బీరు డబ్బాల రింగులు చేసే మోసం ఒకటుంది. అది పసిగట్టడం నేర్చుకోవడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది. దొరికినవన్నీ పాత పోపుల డబ్బాలో వేస్తాను. ఆవాల గిన్నెలో గుండీలు, జీలకర్ర గిన్నెలో నాణేలు, మెంతుల గిన్నెలో తల విరిగిన సీసపు సిపాయి బొమ్మ. తవ్వుకోవచ్చని పార్కుల ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకునే వెళ్తాను. గడ్డిని మూడు వైపులా కోసి మూతలా ఎత్తుతాను. పని అయ్యాక మట్టి పూడ్చి, మూత మూసి, కాలితో అదుముతాను. కాసేపయితే నేను తవ్విన చోటు నాకే కనపడదు.

మా వారికి ఇదంతా నామోషీ. "చెత్త ఏరుకునేవాళ్ళలాగా ఏంటే అది" అనేవారు. ఎవరైనా అడిగితే మా ఆవిడ వాకింగ్‌కి వెళ్ళిందని చెప్పేవారు. ఇన్నేళ్ళలో ఒక్క తెలుగు కుటుంబానికి కూడా నా మిషన్ సంగతి తెలియదు. ఆయన నోరు ఆయనిష్టం అని నేనూ పట్టించుకోలేదు.

ఇక కుక్కావిడ. పార్కు ఎదుట ఇళ్ళలోనే ఎక్కడో ఉంటుంది. ఎండలో కూడా ఎర్ర రెయిన్‌కోటు వేసుకుంటుంది. కుక్కని తాడుతో పట్టుకోవాలని గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. ఆవిడ కుక్కకి తాడుండదు, ఆ తాడు ఆవిడ మెడలో వేలాడుతూ ఉంటుంది. ఒకరోజు నేను ఆసుపత్రి నుంచి పార్కు మీదుగా ఇంటికి వెళ్తుంటే ఆ కుక్క నా మీదకి దూకి కుర్తీ చింపింది. నేను ఏమీ అనకుండా ఆవిడకి బోర్డు చూపించాను. ఆవిడ బోర్డు చూసింది, నన్ను పైనుంచి కింద దాకా చూసింది, సారీ అనలేదు. ఆ రోజు నుంచి ఆవిడకి నేనంటే పడదు. నాకూ ఆవిడంటే పడదు, అందులో దాచుకునేదేమీ లేదు.

వీడియో సంగతి జరిగింది ఒక శనివారం ఉదయం. రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. లైలాక్ పొదల పక్కన వెతుకుతున్నాను. ఒకప్పుడు అక్కడ బ్యాండు వాయించే మండపం ఉండేదని, జనం గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని వినేవాళ్ళని ముసలాయన చెప్పాడు. దుప్పట్ల మీద కూర్చున్న జనం జేబుల్లోంచి నాణేలు జారకుండా ఉండవు. మిషన్ సన్నగా కూసింది. అటు ఊపినా ఇటు ఊపినా అదే కూత. మిషన్‌ని నా ముందు గడ్డిలో పడుకోబెట్టి కూర్చున్నాను. పైన పొడుగు స్వెట్టరు, కుర్తీ వెనక భాగం నేల మీద పరుచుకుంది.

జానెడు లోతున దొరికింది. ఇప్పటి నాణేల కంటే పెద్దది, రాగిది, పచ్చగా చిలుము పట్టి ఉంది. అలాంటి నాణేన్ని గుడ్డతో రుద్దకూడదు, రుద్దితే బొమ్మ పోతుంది. నీళ్ళు పోస్తూ వేలితో మెల్లగా మట్టి జార్చాలి. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా ఉంటుంది. ఎడమ చేతిలో నాణెం పెట్టుకుని కుడి చేత్తో నీళ్ళు వంపాను. ముందు నాణెం మీది పాతకాలపు రాణి జుట్టు కనిపించింది, తర్వాత ముక్కు, తర్వాత గడ్డం. నాకంటే ముందు దీన్ని పట్టుకున్న మనిషి ఎవరో, పోయి ఎన్నాళ్ళయిందో. ఈ దేశంలో పౌరసత్వం వచ్చిన రోజున కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

అప్పుడే వెనక కుక్క మొరిగింది. తల తిప్పేసరికి కుక్కావిడ ఫోను కిందికి దించుతోంది. "దిస్ ఈజ్ ఎ పార్క్!" అని అరిచింది. గడ్డి పాడవుతోందని కోపమేమో అనుకున్నాను. సంతోషంలో ఉన్నాను కాబట్టి మర్యాదగానే జవాబు చెప్పాను. కంగారు పడొద్దు, అయిపోగానే మట్టి కప్పేస్తాను, ఎప్పుడూ అలాగే చేస్తాను అన్నాను. ఆవిడ ముఖం ఎలా అయిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కుక్కని మెడపట్టె పట్టి లాక్కుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మా అమ్మాయి ఒక వీడియో పంపింది. మా పేట వాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టింది చేతులు మారి కాల్గరీ దాకా పోయింది. పొదల పక్కన ఒక ఆడమనిషి వెనక్కి తిరిగి గొంతుక్కూర్చుని ఉంది. మిషన్ ఆ మనిషి ఒంటి చాటున పడిపోయింది. కనిపించేదల్లా వీపు, ముడి, పరుచుకున్న కుర్తీ, కుడి చేత్తో వంచిన నీళ్ళ సీసా, కదులుతున్న ఎడమ మోచెయ్యి. మన పార్కులు ఏమైపోతున్నాయో చూడండి అని పైన రాశారు. వీళ్ళ దేశంలో ఇంతే, వెనక్కి పంపండి అని కింద రాశారు. అంతకంటే ఘోరమైనవీ ఉన్నాయి, అవి రాసి నా కాగితం పాడుచేసుకోను.

"అమ్మా, ఈజ్ దిస్ యూ?" అని మా అమ్మాయి ఫోన్ చేసింది. స్వెట్టరు చూసి గుర్తుపట్టింది. ఒక క్షణం ఆగి, "వాట్ వర్ యూ డూయింగ్?" అంది. ఆ ఒక్క క్షణం ఆగినందుకు దాని మీద కూడా కోపం వచ్చింది. నాణెం సంగతి చెప్పాను. అది పగలబడి నవ్వి, తర్వాత నాకంటే ఎక్కువ మండిపడి, ఆ పోస్టు కింద తనే రాస్తానంది. పక్కన వింటున్న మా వారు నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఎవరూ ఏమీ రాయొద్దు, అమ్మ ముఖం పడలేదు, వదిలెయ్ అన్నారు.

సాయంత్రానికి ఆ వీడియో మా తెలుగు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. "మనవాళ్ళు కాదులెండి, వేరే స్టేట్ వాళ్ళయి ఉంటారు" అని ఒకరు పెట్టారు. "వాటర్ బాటిల్ చూశారా? పక్కా మనోళ్ళే" అని ఇంకొకరు. "విజిటర్ వీసా మీద వచ్చిన ఎవరిదో మదర్ అయి ఉంటది" అని మరొకరు. కుక్కావిడకి నేను కూర్చున్న తీరు చూసి అనుమానం మాత్రమే వచ్చింది. మనవాళ్ళు సీసా చూసి తీర్పే చెప్పేశారు. చివర్న అసోసియేషన్ ప్రెసిడెంటు గారు పెద్ద సందేశం పెట్టారు. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళకి దయచేసి ఇక్కడి పద్ధతులు చెప్పండి, ఇది మన కమ్యూనిటీ పరువు సమస్య అని. దాని కింద బొటనవేళ్ళు వరుస కట్టాయి. ఆ వరుసలో మా వారి బొటనవేలు కూడా ఉంది.

"ఆ లైకు మీరు కొట్టిందేనా?" అని అడిగాను.

"ప్రెసిడెంటు గారు పెట్టిన మెసేజికి సెక్రటరీ లైక్ కొట్టకపోతే ఏం బాగుంటుందే."

"అక్కడ కూర్చున్నది నేనని మీకు తెలుసు కదండీ."

"తెలుసు కాబట్టే కొట్టా. కొట్టకపోతే ఎవడికైనా డౌట్ వస్తుంది."

"ఒక్క మాట రాయండి. మా ఆవిడ నాణెం తవ్వుకుంటోంది, ఇదిగో నాణెం అని ఫోటో పెట్టండి. దాంతో అందరి నోళ్ళూ మూతపడతాయి."

"అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వుతారు. సెక్రటరీ పెళ్ళాం పార్కుల్లో మట్టి తవ్వుకుంటోందా అంటారు. నేను తలెత్తుకుని తిరగాలా వద్దా?"

నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. రాయాలంటే నేనే రాయగలను. నాకు కావలసింది అది కాదు. ఇన్నేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషి, నలుగురి ముందు నా వైపు నిలబడి ఒక్క మాట అనాలి. అది మా ఆవిడ, ఆవిడ చేస్తున్న పని ఇది అని. ఆ ఒక్క మాట కోసం నేను ఆయన్ని రోజూ అడిగాను. భోజనం దగ్గర అడిగాను, కారులో అడిగాను. ఆయన ప్రతిసారీ ఫోను చూసుకున్నారు. వారం తిరిగేసరికి మాత్రం ఇంటికి ఒక పెట్టె వచ్చింది. అందులో మోకాళ్ళ కింద వేసుకునే పచ్చ స్పాంజి ఉంది. ఇక నుంచి అందరిలాగా దీని మీద కూర్చో, లేకపోతే మానెయ్ అన్నారు. దాన్ని గరాజ్‌లో మంచు తోసే పారల వెనక పడేశాను.

తర్వాతి శనివారం అదే పార్కుకి వెళ్ళాను, అదే పొదల పక్కన అలాగే కూర్చున్నాను. కుక్కావిడ వచ్చింది. ఈసారి నేను మిషన్‌ని రెండు చేతులా పైకెత్తి చూపించాను. ఆవిడ మిషన్ వైపు చూసింది, గోతి వైపు చూసింది, ఎత్తిపెట్టిన గడ్డి మూత వైపు చూసింది. అర్థమైందని ముఖంలో స్పష్టంగా కనిపించింది. "ఓ" అని మాత్రం అని, అవతలి దారి పట్టింది. వీడియో తీసేస్తుందేమోనని చూశాను. తీయలేదు. కుక్కకి తాడు కూడా కట్టలేదు.

వేసవి మధ్యలో కేంబ్రిడ్జిలో ఒక కుర్ర జంట కొత్త ఇల్లు కొనుక్కుని సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. అసోసియేషన్ మొత్తాన్ని పిలిచారు. నేను పట్టుచీర కట్టుకున్నాను. కారు నేనే నడిపాను, మా వారు దారంతా ఫోన్లో మాట్లాడారు. కథ విన్నాం, ప్రసాదం తిన్నాం. భోజనాలయ్యాక పాతిక ముప్ఫై మందిమి బేస్‌మెంట్‌లో చేరాం. అక్కడ గోడంత టీవీ ఉంది. ఎదురుగా సోఫా మధ్యలో ప్రెసిడెంటు గారు, ఆయన పక్కన మా వారు. నేను మా వారికి అవతలి పక్క కుర్చీలో కూర్చున్నాను.

మాటలు ఇళ్ళ ధరల మీద నుంచి, ఈ మధ్య ఇక్కడివాళ్ళు మనల్ని చూసే చూపు మీదకి మళ్ళాయి. బస్సులో ఎవరో ఏదో అన్నారట, ఎవరి కారు మీదో ఏదో రాశారట. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ ఇంటి కుర్రాడు, "ఎందుకనరు అంకుల్? ఆ పార్క్ వీడియో చూసిన్రా మీరు? ఆగండి, పెద్ద స్క్రీన్ మీద పెడ్తా" అన్నాడు.

నా వీపు ఆ గోడంతా నిండిపోయింది. స్వెట్టరు అల్లిక కూడా కనిపిస్తోంది. వీడియో అయిపోగానే మళ్ళీ మొదటినుంచి మొదలవుతోంది. అందరూ నవ్వారు. "ఛీ, తిన్నాక ఇదేంటండీ" అని ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ చూసింది. "మీ ఆంధ్రావాళ్ళే అయి ఉంటరు" అని ఒకాయన, "అబ్బే, ఆ ముడి చూడండి, మీ వైపే" అని ఇంకొకాయన. "ఎవరో పెద్దావిడ లాగుంది పాపం, అర్జెంట్ అయి ఉంటది" అని ఇంటి ఇల్లాలు జాలిపడింది. ఆ గదిలో చాలామంది ఆడవాళ్ళు చిన్నప్పుడు అలా కూర్చునే అన్ని పనులూ చేసినవాళ్ళు. ఒక్కరికి కూడా మరో పని గుర్తు రాలేదు.

ప్రెసిడెంటు గారు మా వారి భుజం మీద చెయ్యి వేసి, "సెక్రటరీ గారూ, హామిల్టన్ మీ ఏరియానే కదండీ. ఎవరో కాస్త కనుక్కోండి" అన్నారు.

మా వారు నవ్వారు. "ఎవరో తెలియదు సార్. ఇలాంటివాళ్ళ వల్లే మనందరికీ చెడ్డపేరు."

నేను అక్కడే ఉన్నాను. ఆయన చెయ్యి చాపితే నాకు తగులుతుంది.

లేచాను. కొంగు నడుముకి బిగించి, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకున్నాను. టీవీ ముందుకి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి, అరికాళ్ళు నేలకి ఆనించి గొంతుక్కూర్చున్నాను. పక్కన టీపాయ్ మీద ఎవరిదో నీళ్ళ సీసా ఉంటే కుడి చేత్తో తీసుకుని వంచినట్టు పట్టుకున్నాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది. "ఆంటీ?" అంది ఇల్లాలు, భయపడ్డ గొంతుతో.

"ఏవండీ," అన్నాను, వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడు బాగా చూసి చెప్పండి. ఎవరో తెలుస్తోందా?"

ఆయన ఏమంటారో అని నా చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఇంత అవమానంలో కూడా నాకు ఆశ ఉంది. ఇప్పుడైనా చెప్తారు, ఇక వేరే దారి లేదు కదా అనుకున్నాను.

"ఏమనుకోకండి సార్," అన్నారు ఆయన మెల్లగా, బాధగా. "మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, షుగరు. ఆ రోజు పాపం, వాకింగ్‌లో ఇంటిదాకా ఆపుకోలేకపోయింది. నాకు చెప్పుకోవడానికి సిగ్గేసి..."

నాకు షుగరు లేదు. మోకాళ్ళ నొప్పులూ లేవు. నాణేలు తవ్వే పెళ్ళాం ఉందని చెప్పడం కంటే, పార్కులో ఆ పని చేసిన రోగిష్టి పెళ్ళాం ఉందని చెప్పడం ఆయనకి తేలికైంది. గది మొత్తం ఒక్కసారిగా మెత్తబడింది. అయ్యో అన్నారు, సారీ ఆంటీ, మీరని తెలీదు అన్నారు. కుర్రాడు టీవీ కట్టేశాడు. "వయసు మీద పడితే ఎవరికైనా తప్పదమ్మా" అన్నారు ప్రెసిడెంటు గారు.

కూర్చున్న చోటే వాళ్ళ వైపు తిరిగాను. "నేను అక్కడ పాత నాణేలు తవ్వుకుంటున్నాను. నా దగ్గర మిషన్ ఉంది. ఆ నీళ్ళు నాణెం కడగడానికి," అన్నాను. ప్రతి మాటా గట్టిగా, విడివిడిగా అన్నాను. వాళ్ళంతా తలలూపారు. చిన్నపిల్లలు ఏదైనా చెప్తే ఊపినట్టు ఊపారు. ఒక్కరి ముఖంలో కూడా నమ్మకం లేదు. మా వారు అందరికంటే ఎక్కువ జాలిగా ఊపారు.

దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాను. అది కూడా ఎవరూ గమనించలేదు. మెట్లెక్కి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే, ఇల్లాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. నుదుట బొట్టు పెట్టింది, తాంబూలం సంచి చేతికిచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఆంటీ, బయల్దేరే ముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్ళిరండి. హైవే మీద దొరకవు" అంది.

మంచి పిల్ల. నిజంగానే నా మేలు కోరి అంది.

"అంకుల్‌ని పిలవనా?" అంది.

"ఎవరమ్మా? నాకు తెలియదు," అన్నాను.

తాళాలు నా సంచిలోనే ఉన్నాయి. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తుండగానే కారు వెనక్కి తీసి హామిల్టన్ వైపు తిప్పాను.